ఎవరి కాలికి ఏ స్కీలు

మా ఇంట్లోంచి స్కీయింగ్‌కి ముగ్గురం వెళ్లేవాళ్లం. స్కీయింగ్ చేసేది మాత్రం ఇద్దరే. నా భార్య, మా అమ్మాయి తీగ మీద వేలాడే కుర్చీల లిఫ్ట్ ఎక్కి పైకి వెళ్తే, నేను కొండ కింద కాఫీ దొరికే హాల్లో పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ని. మొదటి చలికాలం ముగ్గురం కలిసే పాఠాలు తీసుకున్నాం. వాళ్లిద్దరికీ వచ్చింది. నాకు పడిపోవడం వచ్చింది. ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. గంటకోసారి ఎర్రబడిన ముఖాలతో లోపలికి వచ్చి, డబ్బాలోని పులిహోర తిని, మళ్లీ వెళ్లిపోయేవాళ్లు. ఆ హాల్లో నేను చాలా మంచి పుస్తకాలు చదివాను.

నా భార్య పోయి రెండేళ్లు దాటింది. ఆ తర్వాత మా అమ్మాయి కొండకి వెళ్లలేదు. మొదటి చలికాలం నేను అడగలేదు. రెండో చలికాలం అడిగితే హోంవర్క్ ఉందంది. పదహారేళ్ల పిల్లకి హోంవర్క్ ఉంటుంది, కాదనను. కానీ మంచు పడిన రోజుల్లో పొద్దున్నే, బ్రష్ నోట్లో పెట్టుకుని, ఫోన్లో ఆ కొండని చూపించే కెమెరా తెరిచి చూడటం నా కంటబడింది. మంచు చూసి, ఫోన్ మూసేసి, స్కూలుకి వెళ్లిపోయేది.

ఈ నవంబర్లో మళ్లీ అడిగాను.

"వెళ్దామా?"

"ఎవరితో?"

"నేను వస్తాను."

"నువ్వు కింద కూర్చుని బుక్ చదువుకుంటావు నాన్నా. పైన నేను ఒక్కదాన్నే ఉండాలి. ఐ డోంట్ వాంట్ దట్."

"ఈసారి పైకి వస్తాను."

నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వా?" అంది. నవ్వింది. కానీ రానని అనలేదు.

అంతే చాలనుకున్నాను. ఈ పిల్ల మళ్లీ కొండ ఎక్కాలంటే నేను ఎక్కాలి. డిసెంబరంతా ఆఫీసు అయ్యాక వారానికి రెండు సాయంత్రాలు అద్దె స్కీలతో మళ్లీ పాఠాలకి వెళ్లాను. క్రిస్మస్ సెలవులు వచ్చేసరికి అటూ ఇటూ తిరగడం వచ్చింది. అంతకంటే ముఖ్యం, ఆగడం వచ్చింది.

ఆ సంగతి మా బావమరిదికి ఫోన్లో చెప్పాను. నా భార్యకి తమ్ముడు. కెనడాలోనే, మాకు గంట దూరంలో ఉన్న కేంబ్రిడ్జ్‌లో కారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో, తయారైన ముక్క కొలతకి సరిపోయిందో లేదో చూడటం అతని ఉద్యోగం. మమ్మల్ని మొదటిసారి కొండకి లాక్కెళ్లింది అతనే. అక్కకి స్కీలు ఎంచి కొనిపించిందీ అతనే. శనివారం పొద్దున్న పనిముట్ల పెట్టెతో మిస్సిసాగాలో మా గరాజ్ ముందు దిగాడు.

"స్కీయింగ్ నేర్చుకున్నావట బావా. వీడియో ఉందా? లేకపోతే నమ్మను."

"ఉంది. అందులో పడ్డాను."

"అయితే నమ్ముతాను."

నా భార్య స్కీలు గరాజ్ గోడకి సంచిలోనే వేలాడుతున్నాయి. నాలుగైదేళ్లు అద్దెవి వాడాక కొనుక్కున్నవి. ఆల్ మౌంటెన్ రకం. గట్టిపడిన మంచు మీదా, కొత్తగా పడిన మెత్తటి మంచు మీదా, దిబ్బల మీదా ఒకే జత పనికొస్తుంది. ఏ ఒక్కదానికీ అన్నిటికంటే మంచిది కాదు, దేనికీ పనికిరానిది కాదు. తను అలాంటివే కొనేది, చీరలైనా గిన్నెలైనా.

ఎత్తులో మేమిద్దరం సమానం. మా పెళ్లి ఫోటోల్లో ఫోటోగ్రాఫర్ తనని ఒక అడుగు వెనక్కి నిలబెట్టాడు. స్కీని పక్కన నిలబెట్టుకుంటే కొస సరిగ్గా నా ముక్కు దగ్గరికి వచ్చింది. గడ్డానికీ నుదుటికీ మధ్య ఎక్కడున్నా సరే అని నాకూ తెలుసు.

"ఇవే వాడతాను," అన్నాను.

"వాడు. అక్క కూడా అదే అనేది, కొత్తవి ఎందుకు దండగని," అన్నాడు.

మా అమ్మాయి గరాజ్ మెట్టు మీద గిన్నెలో సీరియల్ తింటోంది. ఏమీ అనలేదు. తింటోంది కదా అనుకున్నాను.

రెండేళ్లు వేలాడినందుకు ఇనుప అంచుల మీద సన్నటి తుప్పు గీత వచ్చింది. అడుగు భాగం ఎండి తెల్లబారింది. బావమరిది రెండు బల్లల మధ్య స్కీని బోర్లా బిగించి, రబ్బరు ముక్కతో తుప్పు తీసి, ఆకురాయితో అంచులు సాన పట్టడం మొదలుపెట్టాడు. ఆకురాయి పక్కకి ఒరగకుండా దానికో చిన్న పట్టు ఉంటుంది. ఎప్పుడూ ఒకే దిక్కుకి లాగాలి. కాసేపటికోసారి గోటిని అంచుకి అడ్డంగా గీసి చూసేవాడు. గోరు రవ్వంత చెక్కుకుపోతే పదునెక్కినట్టు.

"ముందు కొస దగ్గర మాత్రం మొద్దుగానే ఉంచుతాను బావా. అక్కడ పదునుంటే నువ్వు ఎటు పొమ్మన్నా అది దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది."

"అలవాటే," అన్నాను.

మా అమ్మాయి గిన్నెలోకి చూస్తూ నవ్వింది.

తర్వాత మైనం పట్టించాలి. దానికి వేరే ఇస్త్రీ పెట్టె ఉంటుంది. దాన్ని అతను కేంబ్రిడ్జ్‌లో మరిచిపోయాడు. ఇంట్లోది తెచ్చి ఇచ్చాను. పొగ రానంత సన్నటి వేడి మీద మైనం ముద్దని పెట్టెకి ఆనించి, స్కీ పొడవునా బొట్లు రాల్చి, వాటి మీదుగా నెమ్మదిగా లాగాడు. చల్లారాక ప్లాస్టిక్ బిళ్లతో పైపైన ఉన్నదంతా గీకేయాలి. ఆ పని నేను తీసుకున్నాను. రెండు నిమిషాలు కూడా కాలేదు.

"నాన్నా, అటు నుంచి కాదు. ముందు కొస నుంచి తోక వైపు. ఇవ్వు."

గిన్నె కింద పెట్టి వచ్చి బిళ్ల లాక్కుంది. రెండు చేతుల బొటనవేళ్లతో బిళ్లని కొంచెం వంచి, ఒక్క ఊపున చివరిదాకా లాగింది. మైనం పొట్టులా రాలింది. రెండు స్కీలూ తనే పూర్తి చేసింది. బావమరిది నా వైపు చూశాడు. నేను మైనం ఊడ్చాను.

సోమవారం అదే పెట్టెతో ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. వీపు మీద పడిన మరక నేను చూడలేదు. ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చాక అమ్మాయి చెప్పింది, చాలాసేపు నవ్వాక.

తర్వాతి శనివారం ముగ్గురం స్కీల దుకాణానికి వెళ్లాం. నేను అప్పటికే నా కాలికి బూట్లు కొనుక్కున్నాను. బైండింగ్‌లు వాటికి సరిచేయించుకోవడమొక్కటే మిగిలింది. బైండింగ్ అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే కొక్కెం లాంటిది, ముందొకటి, మడమ దగ్గరొకటి. దానికి రెండు పనులు. మామూలప్పుడు వదలకూడదు, పడ్డప్పుడు వదిలేయాలి. బిగుతు ఎక్కువైతే పడ్డప్పుడు స్కీతో పాటు కాలూ మెలి తిరుగుతుంది. తక్కువైతే దారి మధ్యలో స్కీ ఒకవైపు, మనం ఒకవైపు.

పని చేసేది చెవి మీద పెన్సిల్ పెట్టుకున్న ఒక నడివయసు ఆవిడ. నా బూటు పెట్టి చూసింది. మడమ భాగాన్ని వెనక్కి జరిపింది. అది జరగగలిగినంత జరిగి ఆగిపోయింది. నా బూటు ఇంకా పొడుగే. పాత రంధ్రాలు పూడ్చి, కొంచెం వెనక కొత్తవి వేస్తానని, స్కీకి ఏమీ కాదని, అరగంట పని అని చెప్పింది. వినడానికి మామూలు మాటలు. సరేనన్నాను. ఆవిడ డ్రిల్లు అందుకుంది.

"వెయిట్," అంది మా అమ్మాయి.

అందరం అటు తిరిగాం.

"అమ్మ స్కీలకి హోల్స్ పెట్టొద్దు."

"పాతవి మూసేస్తారు తల్లీ. ఏం కాదు," అన్నాడు బావమరిది.

"తెలుసు మామయ్యా. అందుక్కాదు."

పొద్దున్నించీ భుజాన మోస్తున్న సంచి జిప్పు తీసింది. అందులో వాళ్లమ్మ బూట్లు ఉన్నాయి. నేల మీద కూర్చుని రెండూ తొడుక్కుంది. పట్టీలు బిగించింది. లేచి నిలబడింది. వాళ్లమ్మ అంత ఉంది. ఎప్పుడు అంత అయిందో నేను గమనించలేదు. ఇంట్లో కూర్చునే కనిపిస్తుంది.

"సరిపోతున్నాయి. నవంబర్ నుంచీ," అంది.

నేను ఇంకా ఆ బూట్లే చూస్తున్నాను. బావమరిది అందుకున్నాడు.

"అంటే బావా, పిల్ల ఆస్తి కబ్జా చేస్తున్నావన్నమాట! అడ్డు చెప్పకపోతే డ్రిల్లింగ్ కూడా చేయించేసేవాడివి."

"ముందే చెప్పొచ్చు కదమ్మా?" అన్నాను.

"నీకు కావాలేమో అనుకున్నా. గరాజ్‌లో స్కీ పక్కన నిలబడి ముక్కు కొలుచుకుంటున్నావు. యూ లుక్డ్ సో హ్యాపీ."

"కొత్తవి కొనుక్కున్నా హ్యాపీగానే ఉంటాను."

"నిజంగా?"

"నిజంగా. ఈ షాపులో కూడా ముక్కు కొలుచుకోవచ్చు."

మా మాటలు అర్థం కాకపోయినా దుకాణం ఆవిడ డ్రిల్లు పక్కన పెట్టేసింది. మా అమ్మాయి బూటుని బైండింగ్‌లో పెట్టి తొక్కింది. టక్కుమని పట్టింది. దేన్నీ జరపాల్సిన పని లేదు.

ఇక నాకు స్కీలు ఎంచాలి. స్కీకి నడుముంటుంది, పాదం కింద సన్నబడే చోటు. నడుము వెడల్పైతే మెత్తటి లోతు మంచులో మునిగిపోదు. సన్నదైతే గట్టి మంచు మీద అంచు త్వరగా పట్టు దొరకబుచ్చుకుంటుంది. మా ఒంటారియోలో ఉన్నవి చిన్న కొండలు, గడ్డ కట్టిన మంచు. బావమరిది వెడల్పువి చూపించాడు.

"రేపు ఆల్బెర్టా పెద్ద కొండలకి, మెత్తటి మంచుకి వెళ్తే?"

"వెళ్లినప్పుడు చూద్దాం. ముందు ఇక్కడ కిందికి దిగనీ."

ఆల్ మౌంటెన్‌లోనే నడుము సన్నగా ఉన్న వరసకి వెళ్లాను. అన్నిటి మీదా బొమ్మలే. మంటలు, తోడేళ్లు, పిడుగులు. ఒక జత మాత్రం మామూలు నలుపు, ఏ గీతా లేదు. అది చేతిలోకి తీసుకున్నాను. దుకాణం ఆవిడ మర్యాదగానే వెనక్కి తీసేసుకుంది. అది వేగంగా పోయేవాళ్లకట, కర్రలా బిగుసుకుని ఉంటుందట. నాలాంటివాడు చెబితే వంగదట. నా కాలికి వంగేంత మెత్తటిది, గడ్డం దాకా వచ్చేది ఇంకోటి తెచ్చింది. దాని మీద రెక్కలు చాపిన పెద్ద నారింజ రంగు పక్షి.

"బాగుంది బావా. ఎక్కడ పడ్డా దూరం నుంచి కనిపిస్తావు," అన్నాడు.

అదే కొన్నాను.

బిగించే ముందు ఆవిడ బరువు అడిగింది, ఎత్తు అడిగింది. చెప్పాను. ఏ రకంగా స్కీ చేస్తావని అడిగింది. జాగ్రత్తగానా, ఓ మోస్తరుగానా, దూకుడుగానా?

"మా బావది నాలుగో రకం. కాఫీ తాగుతూ కిటికీలోంచి," అన్నాడు తెలుగులో.

జాగ్రత్త రకం అని చెప్పాను. వయసు అడిగింది.

"నలభై తొమ్మిది," అన్నాను.

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "బావా, ఆవిడ అడుగుతున్నది పాస్‌పోర్టు వయసు కాదు. ఎముకల వయసు."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. బళ్లో వేసేటప్పుడు రెండేళ్లు తగ్గించి రాయించారు. మా తరంలో సగం మందికి అంతే. అన్ని కాగితాల మీదా అదే వయసు కావడంతో, ఇన్నేళ్లలో నా నోటికీ అదే అలవాటైపోయింది. యాభై దాటినవాళ్లకి బైండింగ్ ఒక మెట్టు వదులుగా పెడతారట. యాభై ఒకటి అని దిద్దుకున్నాను. ఎందుకు మార్చానో ఆవిడకి చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మానేశాను.

"వెయిట్, నీకు ఫిఫ్టీ వన్నా?" అంది మా అమ్మాయి. "మరి మనం చేసే బర్త్‌డే ఎవరిది?"

"హెడ్‌మాస్టరుగారిది," అన్నాడు వాళ్ల మామయ్య.

"అమ్మకి తెలుసా?"

"జాతకాలు చూసినప్పుడే తెలుసు. నాకంటే మీ అమ్మకే బాగా గుర్తు," అన్నాను.

"ఇంకా ఏమేం చెప్పలేదు నాకు?"

"ప్రస్తుతానికి ఇదొక్కటే."

నాది అయ్యాక తన వంతు. ఎత్తులో తల్లంత ఉన్నా తూకంలో తక్కువ. బైండింగ్ మీద ఒక చిన్న గాజు కిటికీలో బిగుతు అంకె కనిపిస్తుంది. అప్పటికి అందులో ఉన్నది నా భార్య బరువుకీ ఎత్తుకీ వయసుకీ పెట్టిన అంకె. మార్చకుండా ఉంచొచ్చా అని మా అమ్మాయి అడిగింది. ఆవిడ వద్దంది, కారణం చెప్పింది. అమ్మాయి తల ఊపి, ఫోన్ తీసి ఆ కిటికీని ఫోటో తీసుకుంది. తర్వాత స్క్రూడ్రైవర్ కొంచెం తిరిగింది, అంకె మారింది.

ఆదివారం కొండకి వెళ్లాం. ఎండగా ఉంది, చలి బాగానే ఉంది. లిఫ్ట్ కుర్చీలో మా అమ్మాయి నా పక్కన కూర్చుంది. పైకి చేరేటప్పుడు స్కీల కొసలు మంచుకి తాకబోతుంటే "కాళ్లు ఎత్తు" అంది. పైన దిగి పక్కకి జరిగాం. కింద వాలు తెల్లగా, ఖాళీగా ఉంది. తను చాలాసేపు నిలబడింది. నేనూ నిలబడ్డాను.

"నేను ముందు వెళ్లనా?" అంది.

"వెళ్లు."

వెళ్లింది. మొదటి రెండు మలుపులు ఆచితూచి వేసింది. మూడోది అలా లేదు. కొంత దూరం వెళ్లాక ఆగి వెనక్కి చూసింది. నేను అప్పటికి పది గజాలు దిగి, పడి, ఒక స్కీ వదిలేసి, మంచులో కూర్చుని ఉన్నాను. బైండింగ్ తన పని తను చేసింది. చెయ్యి ఎత్తి బాగానే ఉన్నానని చూపించాను.

"నాన్నా, యూ ఆర్ టూ స్లో!" అని అరిచింది. "నేను ఒక రౌండ్ వెళ్లొస్తా, సరేనా?"

"ఒక్కదానివేనా?" అని అరిచాను.

వినిపించిందో లేదో తెలియదు. అప్పటికే కదిలింది.

పక్షి ఉన్న స్కీని మళ్లీ కాలికి తగిలించుకుని, అడ్డంగా, ఆగుతూ ఆగుతూ దిగాను. నేను సగం దూరం రాకముందే తను లిఫ్ట్ ఎక్కి పైకి వెళ్లి నా పక్క నుంచి దూసుకుపోయింది. మొదటిసారి దాటినప్పుడు ఏదో అరిచింది. రెండోసారి నా వైపు చూడలేదు. మలుపు మీద ఉంది దృష్టంతా.