మంచులో లంక

రేపల్లె చేపల మార్కెట్లో పెట్టెల మీద మంచు పొడి పోస్తున్నారు. ఒక ముక్క జారి నా పాదం మీద పడింది. ఆ చల్లదనానికి సుభద్ర మేడం గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. ఇంటి దగ్గర తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. సముద్రపు పోటు నీరు కాలవలోకి ఎగదన్ని మా చేనంతా ఉప్పు తేలింది. "ఈ ఏడు నాటమంటావా, వదిలెయ్యమంటావా? నువ్వే చెప్పక్కా" అని ఫోన్లో అడిగాడు. చెప్పడానికే వచ్చాను, కాళ్ళు మాత్రం కదలడం లేదు.

బాపట్ల కాలేజీలో మాకు భూగోళం చెప్పిన మేడం, వయసులో ఉండగా అంటార్కిటికా వెళ్ళొచ్చారు. ఆ కబుర్లు చెప్పమంటే చలి గురించి కాదు, ఒక రాయి గురించి చెప్పేవారు. మొదటి రోజు క్లాసులో దాని ఫోటో చూపించారు. కనుచూపు మేరా తెల్లటి మంచు, మధ్యలో ఒంటరిగా నల్లటి రాతి శిఖరం.

"ఏంటిది?"

"లంకండి" అనేశాను. క్లాసంతా గొల్లుమంది. మేడం మాత్రం నవ్వలేదు. ఆవిడ పుట్టింది కృష్ణ మధ్యలో ఉండే కొల్లూరు లంకల్లో.

"పుస్తకంలో నునాటక్ అని ఉంటుంది. మంచులో మునిగిపోయిన కొండకి పైకి కనిపించే కొస. కానీ లంకే బాగుందమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అది లంకే.

చదువయ్యాక అదే కాలేజీలో ఆవిడ దగ్గరే ఉద్యోగంలో చేరాను. ఏటా ఉపగ్రహం తీసిన ఫోటోల్లో ఆ రాతిని వెతికి చూడటం మాకు అలవాటు. ఒక ఏడు పాత ఫోటో పక్కన కొత్తది పెట్టి చూస్తే నల్లటి మచ్చ పెద్దదైంది. కృష్ణ ఒండ్రు వేసి లంక పెరిగితే మా వైపు పండగే కదా. నేనూ ఆ అలవాటుతోనే, "మేడం, మన లంక పెరిగిందండి!" అని గంతేశాను.

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "రాయి పెరుగుతుందటే పిచ్చిదానా? చుట్టూ మంచు తరిగిపోయింది. ఆ నీళ్ళన్నీ ఎక్కడికొస్తాయి? మీ ఊరికే కదా."

ఆ మాటన్నందుకు ఆవిడ మీద చాలా రోజులు కోపంగా ఉన్నాను. తియ్యగా చెప్పడం ఆవిడకు చేతకాదు. భయపెట్టే దాన్ని కళ్ళు తిప్పుకోకుండా చూడటం మాత్రం నాకు ఆవిడే నేర్పారు.

ఆఖరి రోజుల్లో తెనాలి ఆసుపత్రిలో నన్ను చూడగానే, "ఈ ఏటి ఫోటో చూశావా?" అని అడిగారు.

"చూశానండి. బాగానే ఉంది."

"నాకెందుకే అబద్ధాలు?"

ఫోన్ తీసి చూపించాను. పాత రాయి పక్కనే ఇంకో రాయి తేలింది. చాలాసేపు చూశారు. "దీన్ని లంక అనకమ్మా. లంకంటే మనుషులు బతికే చోటు" అని గోడ వైపు తిరిగిపోయారు. ఆవిడ అలా చూపు తిప్పుకోవడం నేను అదొక్కసారే చూశాను.

ఎలాగో ఇంటికి చేరాను. తమ్ముడు గుమ్మంలోనే ఉన్నాడు. "వానలు గట్టిగా పడితే ఉప్పు కడుక్కుపోద్దేమో అక్కా, ఒక్క ఏడు చూద్దామా?" అన్నాడు. సరేననాలని ఎంత అనిపించిందో! నిజం చెప్పే ధైర్యం మేడం ఇచ్చారు గానీ, చెప్పాక ఎదుటివాడి ముఖంలోకి ఎలా చూడాలో చెప్పకుండానే పోయారు.

"నాటకురా" అన్నాను.

వాడు అప్పటికే నానబెట్టి ఉంచిన విత్తనాల బస్తా దగ్గరికి వెళ్ళి, మూతి విప్పి, మొలకలొచ్చాయేమోనని చూశాడు.