సుబ్బరాయులు అర్ధరాత్రి బెల్లం

గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే సుబ్బరాయులు అరవై రెండేళ్లు వచ్చేదాకా ఎవరికీ తల వంచి ఎరగడు. కంట్లో శుక్లం ముదిరాక వంచక తప్పలేదు. మోపెడ్ తాళం భార్య సరస్వతమ్మ చేతికి పోయింది. ఆమె బండి నడుపుతుంటే, ఆయన లుంగీల మూట ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో బజారంతా ఊరేగాల్సి వచ్చింది. టీ అంగడి దగ్గరి జనం పనిగట్టుకుని లేచి దండాలు పెట్టేవాళ్లు. ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

ఆపరేషన్ అయితే తాళం తిరిగి వస్తుంది. కానీ షుగర్ రెండొందల లోపుకు దిగందే కన్ను ముట్టనని వేలూరు డాక్టరమ్మ లోకేశ్వరి తేల్చేసింది. ఈయనకేమో ఏళ్ల తరబడి మూడొందల యాభై. కొత్త మాత్రలు మొదలుపెట్టాడు, మిఠాయి అంగడి ఉన్న వీధిలో నడవడం కూడా మానేశాడు.

చిక్కంతా రాత్రిళ్లే. సరిగ్గా రెండింటికి ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, గుండెల్లో దడ.

"సరసూ, సుగర్ దిగిపోయింది. సీక్రం బెల్లం తే. నేను పోతా ఉండా."

ఆమె పరుగున వెళ్లి బెల్లం ముక్క తెచ్చి నోట్లో పెట్టేది. పోతున్న మనిషి ముక్క చిన్నదని గొణిగేవాడు. రెండో ముక్క కూడా పడ్డాక ప్రాణం కుదుటపడి గురక పెట్టేవాడు. పదిహేను రోజుల తర్వాత వేలూరు వెళ్లి చూపిస్తే షుగర్ మూడొందల పది. ఆపరేషన్ వాయిదా పడింది.

సంగతంతా విని డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. మూడొందలకు అలవాటు పడిన ఒళ్లు నూటయాభైకి దిగితే, పడిపోయాననుకుని గోల చేస్తుందట. కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుందట. వణుకు వస్తే ముందు మీటరు చూడాలని, డెబ్బైకి తక్కువుంటే వెంటనే తీపి తినాలని, లేదంటే నీళ్లు తాగి కూర్చోవాలని చెప్పింది. మీటరు వాడకం సరస్వతమ్మకు నేర్పింది.

ఆ రాత్రి వణుకు రాగానే ఆమె ఆయన వేలు పొడిచింది. నూట యాభై రెండు.

"మిషను చెడిపోయిండాది," అన్నాడాయన.

ఆమె సూది మార్చి తన వేలు పొడుచుకుంది. తొంభై ఎనిమిది.

"నీకే తక్కువుండాది గదా. బెల్లం నువ్వు తిను. నాకూ కొంచెం పెట్టు."

"తొంభై ఎనిమిదైతే నేను పోతా ఉండానని అరిచినానా? నీళ్లు తాగయ్యా. బెల్లమే కావాలంటే తిను, తాళం ఇంకో ఏడాది నాకాడే ఉంటాది."

ఆయనకు ఏడుపొచ్చింది. పాపం, ఆ భయం మాత్రం నిజమైనదే. వణికే చేత్తోనే చెంబెడు నీళ్లు తాగి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అరగంటకు వణుకు దానంతటదే పోయింది. నెల తిరిగేసరికి రావడమే మానేసింది. షుగర్ నూట ఎనభైకి దిగింది, ఆపరేషన్ అయింది.

డాక్టరమ్మ బయట తిరగవచ్చన్న రోజు, ఈ ఒక్కసారికి తనే నడుపుతానంది సరస్వతమ్మ. ఆయన పెద్దమనసు చేసుకుని వెనక కూర్చున్నాడు. బండి పళ్లికొండ రోడ్డెక్కింది. లోకమంతా ఎంత స్పష్టంగా కనిపిస్తోందో! లారీకీ బస్సుకీ మధ్య జానెడు సందులో ఆమె దూరుతున్నదీ స్పష్టంగానే కనిపించింది. ఇన్నాళ్లూ ఇలాగే తిరిగామన్నమాట. ఒళ్లంతా చెమట పట్టింది, చేతులు వణికాయి, గుండె దడదడలాడింది.

"సరసూ, బండి ఆపు."

"ఏమయ్యా, సుగరా?"

"సుగర్ కాదే. తాళమియ్యి."