మేలూరు తోటలో మీటర్ గేజ్ ఇంజిన్

పాలిటెక్నిక్‌లో మెషీన్ డ్రాయింగ్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక నేను ఆవిరి ఇంజిన్ల వెంట పడ్డాను. నిజానికి అవి ఎక్కడికీ కదలవు. రైల్వే ఆఫీసుల ముందు, కాలేజీ ఆవరణల్లో, పార్కుల్లో దిమ్మెల మీద నిలబడి ఉంటాయి. నేనే సంచిలో టేపు, వైర్ బ్రష్, చాక్‌పీసులు వేసుకుని వాటి దగ్గరికి వెళ్తాను. కొలతలు తీసుకుని ఇంటికొచ్చి బొమ్మ గీస్తాను.

ఉద్యోగంలో ఉండగా కోయంబత్తూరులోని ఒక ఇంజిన్ దగ్గరికి ఏటా విద్యార్థులను తీసుకెళ్ళేదాన్ని. ఒక ఏడు వెళ్ళేసరికి దానికి ఎవరో దళసరిగా కొత్త రంగు పూసేశారు. చక్రాలను కలిపే రాడ్ల మీద అచ్చుకొట్టిన నంబర్లు ఆ రంగు కింద మునిగిపోయాయి. షెడ్డులో రిపేరు చేసేటప్పుడు ఒక ఇంజిన్ భాగాలు ఇంకో ఇంజిన్‌కు తగిలించడం మామూలే. ఏ రాడ్ ఏ ఇంజిన్‌దో చెప్పేది ఆ నంబర్లే. రంగు పూసినవాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకు అది శుభ్రం చేయడమే. కానీ ఆ రోజు బస్సులో తిరిగి వస్తుంటే, మిగిలినవాటినైనా ఎవరో ఒకరు గీసిపెట్టాలి కదా అనిపించింది.

మాది కోయంబత్తూరు దగ్గర అన్నూరు. తాతల కాలంలో పత్తి పండించేవాళ్ళం, తర్వాత మా ఆయన చిన్న నూలు యూనిట్ నడిపారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదువంతా తమిళంలో, ఇంగ్లీషులో సాగింది. తెలుగు అక్షరాలు నేను రిటైరయ్యాకే నేర్చుకున్నాను. మా ఆయనకు ఇంజిన్ల మీద ఆసక్తి ఏమీ లేదు. అయినా టేపు రెండో కొస పట్టుకునేది ఆయనే. మా వైపు ‘ఏమండీ’ అనడానికి ‘ఏనుంగ’ అంటాం. “ఏనుంగ, కొంచెం లాగి పట్టుకోండి” అని నేనంటే, ఆయన పట్టుకుని పక్కన పోయే మేకల్ని చూస్తూ నిలబడతారు.

ఒక పెళ్ళిలో దూరపు చుట్టం ఒకాయన భోజనాల దగ్గర చెప్పాడు, మదురై దగ్గర మేలూరు దాటాక ఒక కొబ్బరితోటలో రైలింజిన్ ఉందని. మేలూరుకు రైలు మార్గమే లేదు. మా ఆయన నవ్వేశారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆ వారంలోనే బయల్దేరాం. మదురై ఆరప్పాళయం బస్టాండులో దిగి, టౌన్ బస్సులో మాట్టుతావణి బస్టాండు చేరి, అక్కడ మేలూరు బస్సు ఎక్కాం. మేలూరులో ఆటో డ్రైవరుకు ఆ తోట తెలుసు. “రైలు తోట్టమా?” అని మమ్మల్ని ఎక్కించుకున్నాడు.

తోట గేటు తాళం వేసి ఉంది. లోపల నులక మంచం మీద ఎనభై ఏళ్ళ పెద్దామె చింతపండు గింజలు తీస్తోంది. ఇంజిన్ చూడాలని తమిళంలో అడిగాను. ఆమె తలెత్తకుండానే, అమ్మేది లేదని తమిళంలోనే జవాబిచ్చింది. “మనల్ని పాత ఇనుమోళ్ళు అనుకుంటుండాది” అని నేను మా ఆయనతో మెల్లగా అన్నాను. ఆమె చెవులు బాగా పనిచేస్తున్నాయి.

“మీరు మనోళ్ళా?” అంది తెలుగులో.

“ఆమా, మనోళ్ళమే పెద్దమ్మా. అన్నూరు మాది.”

“మనోళ్ళయితే ఏమి? ఇనుము కొనేవాళ్ళు మనోళ్ళల్లోనూ ఉండారు.”

నేను సంచిలోంచి చుట్టిన కాగితం తీసి గేటు ఊచలకు ఆనించి విప్పాను. అది తిరుచ్చి దగ్గర గీసిన ఒక ఇంజిన్ బొమ్మ. ఆమె లేచి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

“ఇది చేత్తో వేసినావా?”

“ఆమా.”

“ఏంటికి?”

“ఇంక కొన్నాళ్ళకు ఇవి ఉండవు పెద్దమ్మా. ఎట్లా ఉండేవో కాగితం మీదైనా ఉండనీ అని” అన్నాను. ఆమె నడుముకు దోపుకున్న తాళంచెవి తీసింది.

కొబ్బరిచెట్ల నడుమ, ముక్క పట్టాల మీద అది నిలబడి ఉంది. మీటర్ గేజ్ ఇంజిన్. తుప్పుతో ఎర్రబారినా విరిగింది ఏదీ లేదు. వెనక బొగ్గు పోసుకునే బండి కూడా ఉంది. నేను దాని పక్కన నిలబడి చేత్తో తడిమాను. ఎండకు ఇనుము వేడిగా ఉంది.

పెద్దామె చెప్పుకొచ్చింది. ఆమె భర్త విరుదునగర్ వైపు నల్లరేగడి ఊరివాడు. మదురైలో కాలేజీకి రోజూ ప్యాసింజరు రైల్లో వెళ్ళేవాడు. ఎక్కువ రోజులు ఆ రైలుకు ఈ ఇంజినే తగిలించేవాళ్ళట, దాని నంబరు ఆయనకు కంఠతా వచ్చు. పెళ్ళయ్యాక ఈ తోటకు వచ్చి స్థిరపడ్డాడు. చాలా ఏళ్ళకు, ఆవిరి ఇంజిన్లు కోతకు పోతున్న కాలంలో, ఒక పాత ఇనుము యార్డులో ఆ నంబరు కనిపించింది. “బువ్వ తినకుండా వచ్చి మంచం మీద పడుకున్నారు. ఏమయింది అంటే చెప్పలేదు. రెండో దినం పోయి కొనేసినారు” అంది. క్వారీల్లో రాళ్ళు ఎత్తే క్రేన్‌తో దింపించారట. చుట్టాలంతా నవ్వారట. ఆయన మాత్రం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని డ్రైవరు నిలబడే చోటికి ఎక్కి కూర్చునేవాడట.

ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు కొండదారిలో రిసార్టు కట్టేవాళ్ళెవరో ఇంజిన్ ఇమ్మని కొడుకు వెంట పడుతున్నారు. పక్క కోసి, లోపల బల్లలు వేసి హోటల్ చేస్తారట. “వాడు నన్ను అడుగుతానే ఉండాడు. నాకేమో ఏమి చెప్పేదో తెలీలేదు” అంది.

మేము పని మొదలుపెట్టాం. ముందువైపు పొగపెట్టె తలుపు జోలికి పోవద్దని ఆమె ముందే చెప్పింది, లోపల తేనెతుట్టె ఉంది. చెవి ఆనిస్తే ఆ ఇనుము సన్నగా మోగుతోంది. అందుకే నా బొమ్మలో ఆ తలుపు మూసే ఉంటుంది.

మధ్యాహ్నం రాడ్లను బ్రష్‌తో రుద్ది, చాక్‌పీసు అడ్డంగా పామాను. తెల్లగా నంబరు తేలింది. క్యాబ్, అంటే డ్రైవరు నిలబడే గది మీద ఉన్న నంబరు కాదు. అవతలి వైపు రాడ్ మీద మరో నంబరు ఉంది. పెద్దామె భర్త కాఫీ తాగుతూ కూర్చున్నది తన ఇంజిన్‌లో కాదేమో! మా ఆయన నా మొహం చూసి టేపు కింద పెట్టేశారు. అడ్డొచ్చిన ముళ్ళకంపలు నరికి, చక్రాల వెనక ఉన్న ఇనుప చట్రం దాకా వంగి వెళ్ళాను. రెండుసార్లు చాక్‌పీసు పామితే గానీ కనపడలేదు. చట్రం మీద ఉన్నది క్యాబ్ నంబరే.

దాచడం నాకు ఇష్టం లేకపోయింది. పెద్దామెను చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. “చట్రం ఆయన చెప్పిన ఇంజిన్‌దే పెద్దమ్మా. ఈ రాడ్ ఇంకోదానిది. ఆ పక్కది వేరేదానిది. షెడ్డులో మార్చినారు.”

ఆమె ఇటూ అటూ తిరిగి మూడు నంబర్లూ వేలితో తడిమింది.

“ఆ రెండు ఇంజిన్లు ఇప్పుడు యాడ ఉండాయి?”

“ఉండవు పెద్దమ్మా. కోసేసుంటారు. నేను వెతికినంతలో యాడా కనపళ్ళేదు.”

“అయితే వాటిది మిగిలింది ఇంతేనా?”

“ఇంతే.”

ఆమె నవ్వింది. “అట్లయితే నా తోటలో మూడు ఇంజిన్లు ఉండాయి తాయీ. ఆయనకు ఒకటే అని తెలుసు, పాపం.”

నేనూ నవ్వాను, కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా ఆ వేరే నంబర్లను నేను చిక్కుముడిగానే చూశాను. అవి మిగిలిపోయిన ఇంజిన్లని నాకు ఎప్పుడూ తట్టలేదు.

సాయంత్రం కొడుకు వచ్చాడు. గ్రానైట్ వ్యాపారం చేసే మనిషి, మాట తక్కువ. మూడు నంబర్లూ గుర్తుపెట్టి నేను గీసిన చిత్తు బొమ్మల్ని కారు బానెట్ మీద పరచుకుని చూశాడు. “దీన్ని యాడ కోసినా ఆ మూడిట్లో ఏదో ఒకటి పోతుంది కదా మేడం?” అని అడిగాడు. అవునన్నాను. అతను తల్లి వైపు చూశాడు. ఆమె చింతపండు చాటలోకి ఎత్తుతోంది.

“ఇచ్చేది లేదని వాళ్ళకు ఫోన్ చేసి చెప్పేస్తా అమ్మా” అన్నాడు.

“శరి” అందామె, అంతే.

వానలు మొదలయ్యేలోపు ఇంజిన్‌కు రేకుల పందిరి వేయాలని అతను నా కొలతల కాపీ తీసుకున్నాడు. పొగగొట్టం పైన ఎంత ఎత్తు వదలాలో ఫోన్లో అడిగాడు కూడా. పూర్తి బొమ్మ ముగించడానికి నాకు రెండు నెలలు పట్టింది. రెండు రాడ్లను వేరే రంగు సిరాతో గీసి, పక్కన వాటి నంబర్లను మొదటిసారి తెలుగు అక్షరాల్లో రాశాను. గీతల్లో లేని వణుకు అక్షరాల్లో కనిపిస్తుంది.

కాపీ ఒకటి పెద్దామెకు పంపాం. ఆమెకు చదువు రాదు. ముందు గదిలో తగిలించి, వచ్చినవాళ్ళందరికీ మూడు ఇంజిన్లూ వేలితో చూపిస్తోందని ఆమె కొడుకు చెప్పాడు.