కాలి నొప్పి తగ్గకముందే చెప్పిన స్తోత్రం

ఎముకకు ఎముకను అమర్చి, నరాలతో బిగించి, మట్టి మనిషిని రెండు కాళ్ళ మీద నిలబెట్టిన దేవునికి మహిమ. నడిచే శక్తి ఇచ్చినందుకు ఆయనకు స్తోత్రం. ఒక్కోసారి నడవనివ్వకుండా కూర్చోబెట్టినందుకు కూడా స్తోత్రం. ఈ రెండో మాట మనస్ఫూర్తిగా అనడానికి నాకు చాలా కాలం పట్టింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా అనకాపల్లి సంఘం నన్ను బైబిలు స్త్రీగా పెట్టుకుంది. ఇళ్ళకు వెళ్ళి, ఆడవాళ్ళతో కూర్చుని, పాటలు పాడించి, వాక్యం చదివి వినిపించి, ప్రార్థన చేసి రావడం ఆ పని. అంతకుముందు నాది కుట్టుమిషను దగ్గర కూర్చునే బతుకు. బజారుకీ గుడికీ తప్ప నడక ఎరగను. నా ముందున్న ఆవిడ పెద్దదైపోయి నక్కపల్లిలో కూతురి దగ్గరకు వెళ్ళిపోతే, ఆవిడ తిరిగిన ఊళ్ళన్నీ ఒక్కసారిగా నా కాళ్ళ మీద పడ్డాయి.

వాటిలో చీడికాడ వైపు ఒక చిన్న పల్లె ఉంది. బస్సు మలుపు దగ్గర దింపేస్తుంది. అక్కడినుంచి చెరుకు తోటల మధ్య కంకర రోడ్డు మీద గంటకు పైగా నడవాలి. చెరుకు కొట్టే పనులకు పోయే ఆడవాళ్ళు అక్కడ బుధవారం మధ్యాహ్నం ఒక ఇంటి అరుగు మీద కూడుకునేవారు. వాళ్ళలో ఎవరికీ చదువు రాదు. నా ముందున్న ఆవిడ జబ్బుపడినప్పుడు ఆ కూడిక ఆగిపోయింది. దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి ఏడాది పైన పట్టిందట. ఆ సంగతి నాకు పని అప్పగించిన రోజే మా పాస్టరు అయ్యగారు చెప్పారు. ఇంకోసారి ఆగితే ఇక నిలబడదేమోనని ఆయన భయం. ఆ రోజు నుంచి అది నా భయం కూడా అయింది.

ఎక్కువ ఊళ్ళు తిరగడం మొదలుపెట్టిన కొద్ది వారాలకే ముంగాళ్ళలో నొప్పి వచ్చింది. పిక్కల్లో కాదు, ముందుండే ఎముక లోపలి అంచు వెంట, చీలమండకు జానెడు పైన. మొదట్లో నడక మొదలుపెట్టగానే సలిపి, కాస్త దూరం పోయాక సర్దుకునేది. తరువాత సర్దుకోవడం మానేసింది. ఆ తరువాత పొద్దున్నే మంచం దిగి నేలమీద అడుగు పెడితే చాలు, ఎముక వెంట గీత గీసినట్టుండేది. చేత్తో తడిమితే ఏ చోట ఉందో చెప్పలేను, ఆ పొడుగంతా నొప్పే. నేను వేసుకునేవి పలచటి హవాయి చెప్పులు. వాటి గురించి ఎవరమూ ఆలోచించలేదు.

మా ఆయన పరవాడ కంపెనీలో షిఫ్టు పని. కంపెనీ బస్సు ఎప్పుడు తెస్తే అప్పుడు ఇంటికి వచ్చేవారు. ఇంట్లో నాకు తోడు మా అత్తగారే. ఆవిడ నువ్వుల నూనె రాశారు, ఉప్పు మూటతో కాపడం పెట్టారు, అన్నిటికన్నా ఎక్కువగా ప్రార్థన చేశారు. గుడిలో అయ్యగారి చేత నూనె రాయించి ప్రార్థన చేయించారు. ఆ తరువాతి ఆదివారం, దేవుడు చేసిన మేళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, నాతో ఒక్క మాటైనా అనకుండా, చెంగు సర్దుకుని లేచి నిలబడ్డారు.

"మా కోడలి కాలికి దేవుడు స్వస్థత ఇచ్చేడు. పొద్దున్న వంటింట్లోంచి గేటు దాకా ఎక్కడా కుంటకుండా నడిసింది. నా కళ్ళతో సూసేను. దేవునికి స్తోత్రం."

సంఘమంతా చప్పట్లు కొట్టింది. నేను తల వంచుకున్నాను. ఆ పొద్దున్న గేటు దాకా నడిచిన మాట నిజమే. గేటు మా వంటింటికి నాలుగు బారల దూరం. బయటికి రాగానే ఒక పెద్దాయన, ఇంక బస్సు మానేసి చీడికాడ దాకా నడిచే పోతావేటమ్మా అని నవ్వారు. నేనూ నవ్వాను. మా అత్తగారి మొహంలో ఆ వెలుగు చూశాక, ఇంకా నొప్పిగానే ఉందత్తమ్మా అనడానికి నోరు రాలేదు.

బుధవారం కంకర రోడ్డు మీద నొప్పి మళ్ళీ పట్టుకుంది. నాకు నొప్పి కన్నా పెద్ద బెంగ ఇంకొకటి మొదలైంది. కుంటుతూ కనబడితే అత్తగారి సాక్ష్యం అబద్ధమవుతుంది. డాక్టరు దగ్గరకు పోతే, దేవుడు చేసినదాన్ని తీసిపారేసినట్టవుతుంది. సంఘ పెద్దల్లో ఒకరి భార్యకు మాత్రం నా నడకలో తేడా కనబడింది. పక్కకు పిలిచి నెమ్మదిగా అన్నారు: "తగ్గిందని సాక్ష్యం చెప్పేక కూడా నొప్పి ఉందంటే, లోపం ఎవరి దగ్గరుందో సూసుకోవాలమ్మా." ఆ మాట కాలి నొప్పి కన్నా లోపలికి దిగింది. నాలో విశ్వాసం చాలలేదేమోనని ఉపవాసం ఉన్నాను. ఉపవాసంతో ఇంకా ఎక్కువ నడిచాను.

నన్ను ఆపింది పల్లెలో అరుగున్న ఇంటావిడ. నోటి దురుసు మనిషి, ప్రార్థనలో కూడా దేవుడితో దెబ్బలాడినట్టే మాట్లాడేది. ఆ రోజు నేను చెప్పులు విడిచి అరుగెక్కలేక స్తంభం పట్టుకున్నాను. ఆవిడ నా కాలు చేతిలోకి తీసుకుని ఎముక మీద వేలితో నొక్కింది. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

"ఎద్దు కుంటితే బండి కట్టం గదా అమ్మగోరూ" అంది. "ఇప్పేసి, గెడ్డేసి, తగ్గేక కడతాం. మిమ్మల్ని మీరు ఎందుకు కట్టుకుంటన్నారు?"

నేను రాకపోతే కూడిక ఆగిపోతుందని చెప్పాను. కూడిక అయ్యాక ఆవిడ మలుపు వైపు పోయే చెరుకు బండి మీద నన్ను ఎక్కించి పంపింది.

ఇంటికొచ్చి అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ పులుసు కలుపుతూనే ఉన్నారు. మర్నాడు పొద్దున్న గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, పద అన్నారు. ఎక్కడికని అడగలేదు. ఎముకల డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళారు.

డాక్టరు కాలంతా నొక్కి చూసి, ఎక్స్‌రే తీయించారు. ఎముక విరగలేదు. అలవాటు లేని కాళ్ళతో గట్టి నేల మీద ఒక్కసారిగా అంత నడవడం వల్ల ఎముకా, దాన్ని పట్టుకున్న కండా ఒత్తిడికి వాచాయన్నారు. ఇలాగే నడుస్తూ పోతే ఎముక చీలే ప్రమాదం ఉందనీ, కొన్ని వారాలు దూరాలు నడవొద్దనీ చెప్పారు. ఐసు పెట్టమన్నారు. గోడకు చేతులానించి పిక్క సాగదీయడం చేసి చూపించారు. నా హవాయి చెప్పుల్ని చూసి, మడమ దగ్గర మెత్తగా, గట్టి పట్టున్న బూట్లు కొనుక్కోమన్నారు. అత్తగారు ప్రార్థన సంగతి అడిగితే, అది మానమని తానెందుకు చెబుతాననీ, నడక ఒక్కటి మానితే చాలనీ అన్నారు.

ఆ ఆదివారం అత్తగారు మళ్ళీ లేచారు.

"మొన్న నాను సెప్పిన స్తోత్రం ముందే సెప్పేసేను. కోడలికి ఇంకా తగ్గనేదు. అయితే ఏటి, దేవుడికి సెప్పిన స్తోత్రం ఎనక్కి తీసుకుంటానా? తగ్గేదాకా డాక్టరు సెప్పినట్టు సేయిత్తాను. తగ్గేక మళ్ళీ సెప్తాను."

ఎవరో నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వుతూనే ఆమేన్ అన్నారు. నన్ను పక్కకు పిలిచి మందలించినావిడ, గుడి అయ్యాక నా దగ్గరకు వచ్చి, ఆ డాక్టరు మోకాళ్ళు కూడా చూస్తాడా అని అడిగారు.

ఆ వారాలు ఎంత పొడుగని. పొద్దున్న గోడ దగ్గర నిలబడి పిక్కలు సాగదీసేదాన్ని. సాయంత్రం సోడా కొట్టునుంచి తెచ్చిన ఐసు తువ్వాలులో చుట్టి కాళ్ళ మీద పెట్టుకునేదాన్ని. బుధవారం మధ్యాహ్నం మాత్రం ఏ పనీ తోచేది కాదు. ఆ వేళకు అరుగు మీద ఎవరైనా ఉన్నారో, ఎవరి దారిన వాళ్ళు చెరుకు తోటకి పోయారో తెలియదు. పంపడానికి సంఘంలో ఇంకో మనిషి లేరు.

ఒక బుధవారం సాయంత్రం ఇంట్లో ఫోను మోగింది. అరుగింటావిడ, ఊరి కొట్లో కాయిన్ బాక్సు నుంచి. ఫోనంటే గట్టిగా అరవాలని ఆవిడ నమ్మకం.

"పాటలు పాడేం, ప్రార్థన సేసేం. సదవడం ఎవులికీ రాదు గదా, మీరు మునుపు సెప్పిన తప్పిపోయిన గొర్రె కథే మళ్ళీ సెప్పుకున్నాం. సగం గుర్తు నేదు. ఆ సగం మేమే కలిపేసుకున్నాం."

ఏం కలిపారని అడిగాను.

"ఆ గొర్రె ఊరికే తప్పిపోనేదు, కాలు నొప్పెట్టి మందతోటి నడవలేక ఎనకబడిపోయిందని సెప్పుకున్నాం. అందుకే గదా కాపరి బుజాన ఏసుకున్నాడు. తప్పేటి?"

తప్పు లేదని చెప్పాను. ఫోను పెట్టేశాక అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఆ ఏడుపులో దుఃఖం లేదు.

డాక్టరు సరేనన్నాక ముందు మా వీధి చివరి దాకా, తరువాత స్టేషను దాకా, కొద్దికొద్దిగా నడక పెంచుకున్నాను. చీర కింద తెల్ల బూట్లు చూసి పిల్లలు ఆటలు పట్టించారు. పల్లెకు మొదటిసారి తిరిగి వెళ్ళిన బుధవారం, నడుమ ఆగి ఆగి, కాలికి విశ్రాంతినిస్తూ వెళ్ళాను. నొప్పి వస్తుందేమోనని ప్రతి అడుగూ విన్నాను. రాలేదు. ఆలస్యమైపోయింది. అప్పటికే పాట అయిపోయి, అరుగింటావిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. నేనొచ్చిన చప్పుడు విని కూడా ఆపలేదు. దేవుడితో చెప్పుకోవలసింది ఆవిడకు ఇంకా చాలా ఉంది. నేను చప్పుడు చేయకుండా బూట్లు విప్పి, అందరి వెనక చివర కూర్చుని తల వంచాను.

చదువుతున్న అమ్మా, అయ్యా, ఇక్కడ కాసేపు నాతో తల వంచండి. ప్రభువా, నడిస్తే నొప్పిగా ఉన్నదని ఎవరికీ చెప్పుకోలేక నడుస్తున్నవారిని ఆపి కూర్చోబెట్టు. మేము లేకపోతే నీ పని ఆగిపోతుందనే భయం మాలోనుంచి తీసివేయి. అక్షరం రాని నోళ్ళలో నీ మాటను బతికించు. ఆమేన్.