గంజి పెట్టిన బెల్టు

మొన్న ఆదివారం మా ఆవిడ నా నల్ల బెల్టును వాషింగ్ మెషిన్‌లో వేసింది. ముప్పై ఏళ్లుగా నీళ్లు తగలని బెల్టు అది. కరాటే నేర్చినవాళ్లు తెల్ల డ్రెస్సు ఉతుక్కుంటారు గానీ బెల్టు ఉతకరు. దానికి పట్టిన చెమటే దాని చదువు అంటారు. ఈ సంగతి పెళ్లయిన కొత్తలోనే చెప్పాను. ఆ తర్వాత కూడా ఏడాదికి రెండుసార్లకు తగ్గకుండా చెబుతూనే ఉన్నాను. మెషిన్ మూత తీసి చూస్తే నల్ల బెల్టు బూడిదరంగులో ఉంది. దాంతోపాటు వేసిన నా నాలుగు తెల్ల చొక్కాలూ అదే రంగులో ఉన్నాయి. నోరు తెరిచాను. ఆ తర్వాత ఏమైందో చెప్పేముందు, నా బెల్టులకు ఇంట్లో ఆడవాళ్ల చేతుల్లో ఈ గతి పట్టడం ఇది మొదటిసారి కాదని చెప్పాలి.

నాకు కరాటే నేర్పిన మాస్టర్ గారు చండ్రుగొండ సంత వీధిలో టైలర్. చిన్నతనంలో బొంబాయిలో కుట్టుపని చేస్తూ, జపాన్ వెళ్లి నేర్చుకొచ్చిన ఒక గురువు దగ్గర పన్నెండేళ్లు సాధన చేశారట. ఊరికి మాత్రం ఆయన పైజామాలు బాగా కుట్టే మనిషి, అంతే. నేర్పడానికి చోటు లేదంటే మా నాన్న మా మిరప కళ్లం ఇచ్చారు. నా కష్టాలు అక్కడే మొదలయ్యాయి. సాధన చేసే చోటును శిష్యులే ఊడ్చి, ఆ నేలకు తలవంచి అడుగుపెట్టాలన్నది పద్ధతి. జపాన్‌లో నున్నటి చెక్క నేల ఉంటుందట, ఎవరైనా ఊడుస్తారు. మాది కాయలు ఎత్తేసిన మిరప కళ్లం. చీపురు వేస్తే ఘాటు లేచేది. ముప్పైమందిమి వరసగా నిలబడి భక్తిగా తలలు వంచి, వంచినచోటే తుమ్మేవాళ్లం. తుమ్మినవాడికి ఇరవై దండీలు. కళ్లం మాది, చీపురు నాది, తుమ్ము నాది, దండీలూ నావే. ఒకరోజు ఉండబట్టలేక, మా కళ్లంలో నేనెందుకు ఊడవాలని అడిగాను. ఆయన నా మొహం కూడా చూడలేదు. "నీదా కాదా తర్వాత చూద్దాం గానీ, ఆ మూల మిగిలింది చూడు" అన్నారు. ఆ మూల నాకిప్పటికీ గుర్తే.

ఆయన నేర్పిన వాటిలో అన్నిటికంటే పెద్దది ఒకే మాట: ముందు దెబ్బ మనది కాదు. కటా అని ఒకటుంటుంది, ఎదురుగా లేని శత్రువుతో వరస తప్పకుండా చేసే పోరాటం. ఏ కటా తీసుకున్నా అడ్డుకోవడంతోనే మొదలవుతుంది, కొట్టడంతో కాదు. ఇప్పుడు నా కరాటే క్లాసుకొచ్చే తల్లిదండ్రులు మాత్రం, మావాడికి బ్లాక్ బెల్టు ఎన్ని నెలల్లో వస్తుందని అడుగుతారు, గేదె ఎప్పుడు ఈనుతుందని అడిగినట్టు. నాకు ఏడేళ్లు పట్టింది. నిజానికి అయిదున్నరే పట్టాలి. మిగిలిన ఏడాదిన్నర నాకు జరిగిన అన్యాయం.

బ్లాక్ బెల్టు పరీక్షకు ముందురోజు మా అమ్మ నా డ్రెస్సుతోపాటు, నల్లదానికి ముందు కట్టే గోధుమరంగు బెల్టు కూడా ఉతికింది. అమ్మ పుట్టిల్లు గుంటూరు వైపు. గంజి పెట్టనిది ఆమె లెక్కలో బట్టే కాదు. కొడుకు పరీక్ష కదా అని చిక్కటి గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. బెల్టు వెదురుబద్దలా తయారైంది. ఎంత బిగించినా ముడి నిలవలేదు. మూడో కటాలో గిర్రున తిరిగేసరికి బెల్టు ఊడి నా కాళ్ల దగ్గర నిటారుగా పడింది. అందరూ నవ్వారు. రోజూలాగే అందరికోసం మజ్జిగ తెచ్చిన అమ్మ కళ్లం అంచున నిలబడి ఉంది. ఆ నవ్వుల మధ్య నేను ఆమె వైపు తిరిగి, "నిన్నెవరు ఉతకమన్నారు? నీకు తెలియని పనుల్లో ఎందుకు దూరతావు?" అన్నాను. అమ్మ మజ్జిగ బిందె కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నేను బెల్టు మళ్లీ కట్టుకుని మిగతావన్నీ ఒక్క తప్పు లేకుండా చేశాను. ఫెయిలయ్యాను.

నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, పెనుబల్లి కుర్రాడు, పాసయ్యాడు. మా పద్ధతిలో బెల్టు ముందొచ్చినవాడే పెద్ద. ఈరోజుకీ ఏ టోర్నమెంటులో ఎదురుపడినా ముందు నేనే వాడికి తల వంచాలి. "వద్దన్నా, నువ్వు పెద్దోడివి" అంటాడు, నేను వంచడం పూర్తయ్యాక.

మర్నాడు కొట్టుకు వెళ్లి మాస్టర్ గారిని నిలదీశాను. ముడి ఊడటం నా తప్పు కాదు, గంజి తప్పు అన్నాను. ఆయన మిషన్ తొక్కుతూనే ఉన్నారు.

"ముడి ఊడితే మళ్ల కట్టుకుంటరు బేటా. దానికి ఎవరన్న ఫెయిల్ చేస్తరా? ముందు దెబ్బ ఎవరు కొట్టిన్రు?"

"నేనెవర్నీ కొట్టలేదు మాస్టర్ గారూ."

"మీ అమ్మ గట్లనే చెప్పింది. నిన్న సాయంత్రం గీడికొచ్చి, గంజి నేను పెట్టిన, మావాణ్ణి పాస్ చెయ్యమని అడిగింది. నేను చెయ్యనన్న."

మాట కూడా దెబ్బేనని అయిదున్నరేళ్లలో ఒక్కసారైనా చెప్పారా? పరీక్షకు ముందు చెప్పాల్సింది పరీక్ష తర్వాత చెప్పడం ఏ దేశపు పద్ధతి? ఇదే మాట అడిగి వచ్చేశాను. ఇప్పుడడిగినా అదే అడుగుతాను. అమ్మ కొట్టుదాకా నడిచి వెళ్లిందన్న సంగతి మాత్రం దారంతా నా వెంటే వచ్చింది. ఆమెకు క్షమాపణ చెప్పలేదు. మా ఇంట్లో అలా చెప్పుకునే అలవాటు లేదు. మర్నాటి నుంచి మజ్జిగ బిందె నేనే మోసుకెళ్లాను. ఆమె కళ్లంలోకి రావడం మానేసింది గనక.

ఏడాదిన్నర తర్వాత ఒక ఉదయం, పరీక్షా లేదు ఏమీ లేదు, మాస్టర్ గారు తన చేత్తో కుట్టిన నల్ల బెల్టు తెచ్చి, మా గుమ్మం ముందు నిలబడి అమ్మను పిలిచి ఆమె చేతికిచ్చారు. "కట్టమ్మా నీ కొడుక్కి. గంజి మాత్రం పెట్టకు" అన్నారు. అమ్మ నవ్వింది. ముడి తిరగేసి కట్టింది. ఆ రోజంతా అలాగే ఉంచుకున్నాను.

మొన్న ఆదివారం నేను నోరు తెరిచింది ఆ బెల్టు కోసమే. ఈ కథ నా నోట వందసార్లు విన్న మా ఆవిడ చొక్కాలు దులిపి తీగ మీద వేస్తూ, వెనక్కి తిరగకుండానే అంది. "ముందు దెబ్బ ఎవరిదో చూసుకోండి."

అమ్మా లేదు, మాస్టర్ గారూ లేరు. తెరిచిన నోరు మూసుకుని, తడి బెల్టే కట్టుకుని క్లాసుకు వెళ్లాను. నన్ను ఏడాదిన్నర ఆపారని ఇన్నేళ్లూ ఆయన మీద కోపంగా ఉన్నాను. ముప్పై ఏళ్లు గడిచినా ఆ మనిషి నన్నింకా ఆపుతూనే ఉన్నారు.