కొంగలు ఎగిరేదాకా

మొన్న మా మనుమరాలు టీవీలో ఏదో సీరియల్ పెట్టి, పేర్లు పడే పాట మొదలవగానే రిమోటు నొక్కి దాటించేసింది. కథకంటే ముందు వచ్చే ఆ పాటల కోసమే టీవీ ముందు చేరిన మన తరంవాళ్ళకు ఆ తొందర చూస్తే మనసు ఉసూరుమంటుంది.

నా చిన్నతనంలో గోదావరిఖనిలో మా క్వార్టర్‌లో బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. మధ్యాహ్నం వచ్చే ఒక సీరియల్‌కు ముందు, వేణువు మోగుతుండగా, నీళ్ళమీంచి తెల్లకొంగల గుంపు లేచి తెరంతా నిండిపోయేది. ఆ రెక్కల మధ్యనుంచి పేర్లు వచ్చేవి. టీవీ లేని ఇళ్ళ ఆడవాళ్ళు మా కిటికీ దగ్గర నిలబడి ఆ పాటకు గొంతు కలిపేవారు. బొగ్గుబావిలో రెండో షిఫ్టుకు పోయే నాన్న, టిఫిన్ డబ్బా సైకిలుకు తగిలించాక కూడా, గడపలో ఆగి అంతవరకే చూసేవాడు.

"జల్ది పో, డ్యూటీ అందదు" అని అమ్మ కసిరితే, "కొంగలు ఎగరనియ్యే, పోత" అనేవాడు.

అవి ఎగరగానే తనూ వెళ్ళిపోయేవాడు. ఆ కథేమిటో ఆయనకు ఎన్నడూ తెలియదు. వెలుతురుండగా దిగి చీకటిపడ్డాక పైకొచ్చే మనిషికి ఆ రోజుకు నిలబడి చూసే చివరి ఆకాశం అదేనని నాకప్పుడు తట్టలేదు.

ఒకసారి బావిలో పైకప్పు కూలి ఆయన కాలు విరిగింది. దవాఖాన నుంచి వచ్చి మంచాన పడ్డాక, ఇక సీరియల్ మొత్తం చూడవచ్చు కదా అని నేను సంబరంగా టీవీ పెట్టాను. వేణువు వినబడగానే ఆయన గోడవైపు తిరిగి, "బంద్ చెయ్యి బిడ్డా" అన్నాడు. మళ్ళీ డ్యూటీకి పోగలనో లేదోనన్న దిగులు ఆయనదని అమ్మ తర్వాత చెప్పింది. ఆయన లేచి నడిచేదాకా మా ఇంట్లో ఆ పాట మోగలేదు.

బావి పైన తేలిక పని ఇచ్చి రమ్మన్న రోజు, నాన్న తనే టీవీ పెట్టి, కుంటుతూ వచ్చి గడప పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ కసరలేదు. పాట అయిపోయేదాకా ఆగి, కళ్ళు తుడుచుకుంటూ, "ఇగ పైలంగ పోయిరా" అంది.

నాన్న రిటైరయ్యేనాటికి ఆ సీరియల్ ఎప్పుడో ఆగిపోయింది. మా క్వార్టర్లున్న చోట ఇప్పుడు ఓపెన్‌కాస్టు గని తవ్వుతున్నారు. ఆ వాడవాళ్ళం తలో ఊరూ చేరాం. ఆ పాట ఎంత వెదికినా దొరకలేదు. అప్పుడప్పుడు వంటింట్లో కూనిరాగం తీస్తుంటాను గానీ మధ్యలో ఎక్కడో తప్పిపోతుంది. గట్ల కాదే, ఇట్ల అని అందించే గొంతులు ఒక్కొక్కటిగా వెళ్ళిపోయాయి.