మిగతా రెండు వైపులూ ఎటు?

ఖోర్ అంకుల్‌కి లోకంలో ఒక్కటే వ్యసనం: ప్రశ్నలడగడం. సిగరెట్టు లేదు, లాటరీ టికెట్టు లేదు, ఇంట్లో పెంపుడు పిట్ట కూడా లేదు. పోనీ అవి తెలివైన ప్రశ్నలా అంటే, ఆ అపవాదు ఆయన మీద ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు. అరవై రెండేళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా ఇనుము కోసి బతికినవాడు, బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తి మరీ అడుగుతాడు.

మలేషియాలోని బుకిట్ మిన్యాక్‌లో ఆయన పనిచేసే వర్క్‌షాపుకి ఒకసారి ఫైర్ ఆఫీసరొచ్చి, మంటలు లేస్తే ఏం చెయ్యాలో గంటసేపు చెప్పాడు. "ఏమైనా సందేహాలా?" అన్నాడు చివర్లో. అంకుల్ చెయ్యి లేచింది.

"అయ్యా, మంట వస్తే మంట వైపు పరిగెత్తాలా, అవతలికి పరిగెత్తాలా?"

ఆఫీసరు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "అవతలికే అంకుల్. నేల మీద ఎర్ర గీత ఉంది చూడండి, దాని వెంట."

"ఆ గీత ఎటు పోతుంది?"

చూద్దామని అందరూ గీత వెంట నడిచారు. అది తిన్నగా వెళ్ళి పెయింటు డబ్బాల గదిలో ఆగింది. మర్నాడే గీత మార్చారు. జనానికి మాత్రం మొదటి ప్రశ్నే గుర్తుండిపోయింది.

ఇంకోసారి ఆస్పత్రిలో, రక్తపరీక్ష వరసలో నిలబడి, "పరగడుపు అంటే టీ కూడా తాగకూడదామ్మా? బిస్కెట్టు ముంచకుండా తాగినా తప్పేనా?" అని నర్సుని అడిగాడు. నర్సు పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపు వరసలోంచి ఇద్దరు చప్పుడు చెయ్యకుండా తప్పుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

ఈ కథలన్నీ అందరికంటే బాగా తెలిసినది రొహాయు. అదే వర్క్‌షాపులో పద్దెనిమిదేళ్ళుగా లోహం చెక్కే మూడు వైపుల మిల్లింగ్ మెషిన్ నడుపుతోంది. నలభై మూడేళ్ళ వయసు, చేతికి మంచి పనితనం, నోటికి తాళం. అంకుల్‌ది ఒక జబ్బయితే ఆమెది దానికి సరిగ్గా తిరగేసిన జబ్బు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది అన్నది ఆమె సిద్ధాంతం. కళ్ళ డాక్టరు కోసం వెళ్ళి, పళ్ళ డాక్టరు వరసలో రెండు గంటలు కూర్చుని, పేరు పిలిచాక కాదనడానికి మొహం చెల్లక, లోపలికెళ్ళి పళ్ళు శుభ్రం చేయించుకుని వచ్చిన మనిషి.

అలాంటి మనిషిని ఒకరోజు యజమానురాలు ఊయి మేడమ్ పిలిచింది.

"రొహాయూ, ఫైవ్ యాక్సిస్ మెషిన్ కొన్నాను, అయిదు వైపులది. నీ పాత మెషిన్ నెలాఖరుకి అమ్మేస్తున్నా. అయిదు రోజులు ట్రైనింగుకెళ్ళు. శుక్రవారం పరీక్షలో పంపు చక్రం ఒకటి కోసి చూపించాలి. సర్టిఫికెట్ తెస్తే కొత్త మెషిన్ నీది."

"తేకపోతే?" అని రొహాయు అడగలేదు. అడిగే మనిషి కాదుగా. మేడమే చెప్పింది.

"తేకపోతే బయటినుంచి డిప్లొమా చదివినవాణ్ణి తెచ్చుకోవాలి. నిన్నెక్కడ పెట్టాలో నాకూ తోచదు. తోడుగా ఖోర్ అంకుల్ వస్తాడు."

రొహాయు కంగారు పడింది. "ఆయన వద్దు మేడమ్. వచ్చే ఏడాది రిటైరవుతున్నారుగా?"

"వెళ్తానన్నాడు. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతాడు. అంత ఓపిక నాకెక్కడిది?"

సోమవారం ట్రైనింగ్ సెంటర్లో పన్నెండుమంది చేరారు. పాఠం చెప్పే ఫూంగ్‌కి ముప్ఫై దాటి ఉండవు. అంకుల్ తిన్నగా మొదటి వరసకి నడిచి, పక్క కుర్చీ తట్టి, "రా అమ్మాయ్, ఏసీ నీళ్ళు అక్కడ కారతాయి, ఇక్కడ కూర్చో," అన్నాడు. రొహాయు కూర్చుంది. అయిదు నిమిషాలకి ఏసీ నీళ్ళు అక్కడే కారాయి. అంకుల్‌కి అదెలా తెలుసో ఆమె అడగలేదు.

ఫూంగ్ తెర మీద మెషిన్ బొమ్మ వేసి, ఒక జోకు మొదలుపెట్టాడు. జోకు ఇంకా సగంలో ఉండగానే అంకుల్ హహ్హహ్హా అని నవ్వేశాడు. తక్కినవాళ్ళు జోకుకి కాకుండా ఆయనకి నవ్వారు. ఫూంగ్ పాఠంలోకి దిగాడో లేదో చెయ్యి లేచింది.

"మాష్టారూ!"

తన కొడుకు వయసు వాణ్ణి మాష్టారూ అంటున్నాడు. రొహాయు చెవులు ఎర్రబడ్డాయి.

"ఎడమా కుడీ ఒకటి, ముందూ వెనకా రెండు, పైకీ కిందికీ మూడు. ఇంతవరకూ తెలుసు. మిగతా రెండు వైపులూ ఎటు?"

వెనక కిసుక్కుమన్నారు. ఫూంగ్ ఓపిగ్గా చెప్పాడు. మిగతా రెండూ వైపులు కావు, తిరగడాలు. పనిముక్కని పెట్టిన బల్ల ఒక పక్కకి వాలుతుంది, దాని మీదే గుండ్రంగానూ తిరుగుతుంది.

"అంటే కోరుపీట మీద కొబ్బరి కోరినట్టా మాష్టారూ? కోరు కదలదు, చిప్పనే వాల్చి తిప్పుతాం."

ఈసారి కిసుక్కులు కాదు, గట్టిగానే నవ్వారు. రొహాయు తన కుర్చీని ఒక జానెడు అవతలికి జరుపుకుంది. జరుపుకుంటూనే, కొత్త మెషిన్ పుస్తకంలో ఎన్నిసార్లు చూసినా అర్థం కాని బొమ్మ తన బుర్రలో గిర్రున తిరిగి సర్దుకుందని గమనించింది. అయినా సిగ్గు సిగ్గే కదా.

మంగళవారం అంకుల్ ప్రశ్న: "కోసే టూలు నిటారుగా నిలబడితే ఏం పోయింది మాష్టారూ? దాన్ని వాల్చడం దేనికి, ముసలాడిలా?"

గుండ్రటి మూతి ఉన్న టూలుకి సరిగ్గా మొన దగ్గర వేగం సున్నా అనీ, నిటారుగా పెడితే అక్కడ కొయ్యదు, రుద్దుతుందనీ, కాస్త వాలిస్తే పక్క అంచు తగిలి నున్నగా తెగుతుందనీ ఫూంగ్ చెప్పాడు. పద్దెనిమిదేళ్ళుగా తన పనిముక్కల మీద పడుతున్న ఆ మసక మరకకి కోత వేడి తగ్గించడానికి పోసే నూనెని తిట్టుకుంటూ వచ్చింది రొహాయు. తెల్లబోయింది. మళ్ళీ తేరుకుని కుర్చీ జరుపుకుంది. ఖాళీ అయిన చోట అంకుల్ ఇంకో కుర్చీ పెట్టి, దాని మీద తన భార్య కొబ్బరితో చేసిన కుయి మిఠాయిల డబ్బా ఉంచాడు.

బుధవారం తెర మీద ఉత్తుత్తి కోత. టూలు ఏ దారిన నడుస్తుందో కంప్యూటర్ ముందే ఆడించి చూపిస్తుంది. ఎక్కడైనా గుద్దుకుంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. అందరి తెరలూ ఆకుపచ్చే. రొహాయు పొంగిపోయింది. అప్పుడు లేచింది చెయ్యి.

"మాష్టారూ, ముక్కని పట్టుకునే క్లాంపు సంగతి దీనికి ఎవరైనా చెప్పారా?"

"చెప్పకపోతే దానికి తెలియదు అంకుల్."

"పాపం, కంప్యూటరు కదా, అదే చూసుకుంటుందనుకున్నాను."

పన్నెండుమందిలో పదకొండుమంది తలలు వంచి, గబగబా క్లాంపు బొమ్మ గీసుకున్నారు. పదకొండు తెరలూ ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రానికి మాత్రం, "కంప్యూటరుకి ఎవరైనా చెప్పారా?" అని అంకుల్ గొంతుతో అనడం క్యాంటీన్లో పెద్ద వేడుక అయిపోయింది.

గురువారం టీ వేళ. జుట్టుకి ఎర్రరంగు వేసుకున్న ఒక డిప్లొమా కుర్రాడు, అంకుల్ చెయ్యెత్తడం ఫోన్లో వీడియో తీసి, నలుగురికీ చూపిస్తున్నాడు. రొహాయుకీ చూపించాడు.

"మీతోనే వచ్చారుగా అక్కా? మీ నాన్నగారి స్నేహితుడా?"

అప్పుడు ఆమె నోటినుంచి ఆ మాట వచ్చింది. "ఛ, నాకేం తెలీదు. ఎవరో ఏమో. ఒకే వ్యాన్‌లో వచ్చాం, అంతే."

అని వెనక్కి తిరిగేసరికి అంకుల్ నిలబడి ఉన్నాడు, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో. ఒకటి ఆమె ముందు పెట్టాడు.

"నీకు చక్కెర తగ్గించమన్నాను," అన్నాడు. అని తన గ్లాసు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ టీ రొహాయు తాగలేకపోయింది. పారబోయడానికి మనసు రాలేదు. చల్లారి మీగడ కట్టేదాకా చేత్తో పట్టుకు తిరిగింది. సాయంత్రం వ్యాన్‌లో క్షమించమందామనుకుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఎవరినైనా అడుగుదామంటే, అడగడమే రాదాయె.

శుక్రవారం పరీక్ష. రొహాయు వెళ్ళేసరికి మొదటి వరస ఖాళీ. అంకుల్ చిట్టచివర, ఏసీ నీళ్ళు కారే చోట కూర్చుని ఉన్నాడు. మెడకి తువ్వాలు చుట్టుకున్నాడు. రొహాయు మొదటి వరసలో కూర్చుంది. కుయిల డబ్బా మాత్రం ఆమె పక్క కుర్చీ మీద ఉంది.

చక్రం బొమ్మ అందరికీ ఇచ్చారు. మధ్యలో ముక్కులాంటి బొడిపె, చుట్టూ మెలితిరిగిన రేకులు. రొహాయు టూలు నడిచే దారి వేసింది, క్లాంపు గీసింది, టూలు వాల్చింది. ఉత్తుత్తి కోత ఆడించింది. అంతా ఆకుపచ్చే. కానీ టూలు ముక్కు కొసకి చేరగానే, బల్ల ఉన్నట్టుండి గిర్రున సగం చుట్టు తిరిగింది, ఇంట్లో పొయ్యి ఆర్పడం మరిచిపోయిన మనిషిలా. మళ్ళీ ఆడించింది. మళ్ళీ గిర్రున తిరిగింది. అలా తిరిగితే నిజం అల్యూమినియం మీద అక్కడ గాటు పడుతుందని ఆమె చేతులకి తెలుసు. ఎందుకు తిరుగుతోందో మాత్రం తెలియదు.

"మెషిన్ దగ్గరికి వెళ్ళబోయే ముందు... ఎవరికైనా సందేహాలా?" అన్నాడు ఫూంగ్.

రొహాయు వెనక్కి తిరిగి అంకుల్‌ని చూసింది. అడగవయ్యా మహానుభావా! అయిదు రోజులుగా అక్కర్లేనివన్నీ అడిగావుగా! ఆయన పైకప్పుకేసి చూస్తున్నాడు, అక్కడేదో పాఠం రాసి ఉన్నట్టు.

"నిన్నటి మాటకి నొచ్చుకున్నాడు," అనుకుంది. ఒళ్ళంతా సిగ్గు పాకింది. మెడ, చెవులు, తలకి కట్టుకున్న గుడ్డ కింద మాడు కూడా వేడెక్కింది.

"ఎవరికీ లేవా? సరే, అయితే..."

ఒక చెయ్యి లేచింది. ఎవరిదా అని రొహాయు కూడా చూసింది. తనదే.

"మాష్టారూ!" అంది. ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు. "ముక్కు కొస దగ్గర... బల్ల... ఎందుకలా గింగిరాలు కొడుతోంది? నాకు... తెలియడం లేదు."

ఎవరూ నవ్వలేదు. ఎర్రజుట్టు కుర్రాడు మెల్లగా చెయ్యెత్తాడు. "నాకూ అంతే సార్. నిన్న సాధనలోనూ ఇంతే." తర్వాత ఇంకో చెయ్యి, ఇంకో రెండు. చూస్తూండగా గదిలో సగం చేతులు గాల్లో ఉన్నాయి.

ఫూంగ్ మొహం విప్పారింది. "సోమవారం కొబ్బరిచిప్ప అనుకున్నాం, గుర్తుందా? చిప్ప అంచు కోరుతున్నప్పుడు చెయ్యి నెమ్మదిగా తిరుగుతుంది. సరిగ్గా అడుక్కి వచ్చేసరికి?"

రొహాయు మణికట్టు దానంతటదే తిరిగింది. "వేలెడంత జరపడానికి చిప్పంతా గిర్రున తిప్పాలి!" అంది. "అందుకే మా అమ్మ చిప్పని ఎప్పుడూ నిటారుగా పెట్టనివ్వదు. ఓ పక్కకి వాల్చే ఉంచమంటుంది."

"అంతే అక్కా. టూలుని కూడా అక్కడ నిటారుగా రానివ్వకండి. నాలుగు డిగ్రీలైనా వాల్చి ఉంచండి."

మధ్యాహ్నం మూడింటికి రొహాయు చక్రం మెషిన్లోంచి బయటికొచ్చింది. ముక్కు మీద గాటు లేదు, మరక లేదు. దాన్లో తన మొహం చూసుకోవచ్చు. చూసుకుంది కూడా. ఇంకా ఎర్రగానే ఉంది.

సర్టిఫికెట్లు పంచారు. చివర అంకుల్ వంతు.

"ఇది ఏడోది అంకుల్," అన్నాడు ఫూంగ్. "ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటున్నారు?"

"మా ఆవిడ కుయిల డబ్బాల్లో అడుగున పరుస్తుంది. కాగితం మందం."

రొహాయు నిలబడిపోయింది. "ఏడోదేంటి?"

"మీకు తెలీదా అక్కా? ఏడేళ్ళుగా ఏడాదికొకసారి సెలవు పెట్టి మరీ ఇదే క్లాసుకి వస్తారు, ఒక్కోసారి వేరే వర్క్‌షాపుల్లోని ఒక్కొక్కరిని వెంటబెట్టుకుని. మొదటిసారి నాకు భయమేసి క్లాంపు సంగతి చెప్పడమే మరిచిపోయాను. ఈయన అడగబట్టి పరువు దక్కింది. అప్పట్నుంచీ ఆ ముక్క ఆయన అడిగేదాకా నేనూ చెప్పను." ఫూంగ్ అంకుల్ మెడకున్న తువ్వాలు చూశాడు. "శుక్రవారం వస్తే చాలు, గొంతు నొప్పి అంటారు. ఏడుసార్లూ అంతే."

"వయసు," అన్నాడు అంకుల్, గొంతు బాగానే పలుకుతూ.

వ్యాన్‌లో రొహాయు ఆయన పక్కనే కూర్చుంది, మధ్యలో డబ్బా కూడా లేకుండా.

"అంకుల్, నిన్న టీ దగ్గర నేనన్న మాట..."

"ఏ మాట? నిన్న నాకు చెవులు సరిగ్గా పనిచెయ్యలేదు. ఇవాళ గొంతు. కుయి తింటావా?"

తింది. కన్నీళ్ళొస్తాయేమోనని భయపడింది గానీ, డబ్బా అడుగున తేనెరంగు మరకల మధ్య "ఖోర్" అన్న పేరూ ఫూంగ్ సంతకమూ కనిపించి నవ్వొచ్చింది.

అంకుల్ రిటైరయ్యాక, మరుసటి ఏడు ఊయి మేడమ్ ఫిట్టర్ సరవణన్‌ని ట్రైనింగుకి పంపాలనుకుంది. సరవణన్ మంచి పనివాడు, నలుగురిలో నోరు విప్పడు.

"నేనూ వెళ్తాను మేడమ్," అంది రొహాయు.

"నీకెందుకు? సర్టిఫికెట్ ఉందిగా?"

"ఒకటే కదా ఉంది."

మేడమ్ ఆమెని ఎగాదిగా చూసి, "వద్దంటే ఎందుకు వద్దని అడుగుతావు కాబోలు," అని సంతకం పెట్టేసింది.

సోమవారం రొహాయు మొదటి వరసకి నడిచి, "ఇటు రా తమ్ముడూ, ఏసీ నీళ్ళు అక్కడ కారతాయి," అంది. ఫూంగ్ జోకు మొదలుపెట్టాడు. సగంలోనే ఆమె ఫక్కున నవ్వేసింది. తర్వాత చెయ్యెత్తింది.

"మాష్టారూ, మూడు వైపులూ తెలుసు. మిగతా రెండు వైపులూ ఎటు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పక్కనున్న సరవణన్ తల వంచుకుని, తన కుర్చీని ఒక జానెడు అవతలికి జరుపుకున్నాడు.